చింతచెట్టు కింది కారు

ఆమదాలవలస

చిరంజీవి చిన్నబాబుకి మావయ్య ఆశీస్సులు. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే, వానకి ముందు ఎక్కువ, వాన పడ్డాక తక్కువ.

నువ్వు ఫోన్లో పంపిన కారు ఫొటోలు మావయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. మొత్తం పదకొండు. పదింట్లో బండి ముఖమే. మిగిలినదాంట్లో నువ్వు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డావు. బండి అడుగు భాగం, స్పేర్ టైరు ఉండే గుంట, ఆర్సీ మాత్రం ఎక్కడా లేవు. పెళ్ళిచూపులకి వెళ్ళి పందిరి ఫొటోలు తీసుకొచ్చినట్టుంది. కింద రాశావు: “2014 డస్టర్, డీజిలు, ఢిల్లీ బండి, మూడు లక్షల చిల్లర. ఏటి మావా, ఇంత తక్కువకి ఇంత బండి ఎక్కడ దొరుకుద్ది?”

ప్రశ్న మంచిదే. జవాబు కోసం మాత్రం నువ్వు వెతికినట్టు లేదు. ఫోన్లో చెబితే సగంలో “సరే మావా, మళ్ళీ చేస్తాను” అంటావు. అందుకే ఈ కాగితాలు.

రథసప్తమికి అరసవల్లిలో మీ అమ్మ కనిపించింది. తెల్లవారుజామున క్యూలో నిలబడి ఉంది. మెళ్ళో పుస్తెలతాడు లేదు, పసుపుతాడు ఉంది. మావయ్య చూశాడు, అడగలేదు. ఆవిడ కొంగు సర్దుకుంది, చెప్పలేదు. ఆ సంగతి ప్రస్తుతానికి అలా ఉండనీ.

డస్టర్ చెడ్డ బండని ఎవరూ అనరు. 2012 జులైలో రెనో కంపెనీ దాన్ని మన దేశంలో దించినప్పుడు మొదటి ధర 7 లక్షల 19 వేలు. చెన్నై పక్కన ఒరగడంలో తయారైంది. అంతకు ముందు మనవైపు ఎత్తైన బండి అంటే బొలెరో, స్కార్పియో. అవి లారీలాగే ఇనప ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు, గోతిలో పడితే వెనక సీటువాళ్ళ తల టాపుకి తగిలేది. డస్టర్ కారులా ఒకే బాడీగా కట్టినది. అయినా నేలకి 205 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పాలకొండ దాటి సీతంపేట ఏజెన్సీ రోడ్లెక్కినా అడుగు తగలకుండా పోతుంది. డిక్కీ 475 లీటర్లు: పెళ్ళికి వెళ్ళే కుటుంబం సామాను, దాని మీద ఒక పనస పండు పడతాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కిందికి కూలబడక్కర్లేదు, ఎగబాకక్కర్లేదు, సీటు సరిగ్గా నడుం ఎత్తులో ఉంటుంది. 2013కి ‘ఇండియన్ కార్ ఆఫ్ ది ఇయర్’ కూడా అదే అయింది. అయితే అద్దాలు సర్దే మీటని మొదట్లో హ్యాండ్‌బ్రేకు కింద పెట్టారు. ఆ ఆలోచన ఏ మహానుభావుడికి తట్టిందో!

2015 జులైలో క్రెటా వచ్చింది, జనం అటు మళ్ళారు. 2020లో బీఎస్-6 నిబంధనలు రాగానే రెనో డీజిలు ఇంజన్లే మానేసింది. 2022 మొదట్లో డస్టర్ తయారీయే ఆగిపోయింది.

తయారీ ఆగిందంటే బండి పనికిరానిదని కాదు. అంబాసిడర్ 2014 మేలో ఆగింది. దానికి ఈనాటికీ ఏదో ఒక షెడ్డులో సామాను దొరుకుతుంది, ఎందుకంటే దశాబ్దాల పాటు అదే తలుపు, అదే బోల్టు. డస్టర్ లోపలి 1461 సీసీ డీజిలు ఇంజను కూడా ఒంటరిది కాదు. నిస్సాన్ టెర్రానో, సన్నీ, మహీంద్రా వెరిటో, వీటి డీజిలు మోడళ్ళన్నీ ఆ ఇంజను మీదే నడిచాయి. టాక్సీలుగా తిరిగిన వెరిటోలు విశాఖలో నువ్వూ ఎక్కే ఉంటావు. కాబట్టి ఇంజను సామానుకి అంత బెంగ అక్కర్లేదు. బెంగంతా పైన కనిపించేవాటికే: హెడ్‌లైటు, బంపరు, తలుపు, వెనక అద్దం. ఆటో వచ్చి గీరితే చాలు, బండి నెలరోజులు షెడ్డులో కూర్చోవచ్చు. డస్టర్ పేరు మళ్ళీ మన దేశానికి తెస్తామని కంపెనీ 2025లో ప్రకటించింది. ఆ కొత్త బండి నిర్మాణమే వేరు, దాని తలుపు తెచ్చి దీనికి బిగించలేరు.

సామాను కోసం కూర్చోవడం అంటే ఏమిటో మావయ్యకి తెలుసు. చింతచెట్టు కింద కోళ్ళు గుడ్లు పెట్టిన కారు గుర్తుందా? నువ్వు అందులో కూర్చుని నోటితో హారన్ కొట్టేవాడివి. అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆ కథలో నీకు చెప్పింది సగమే.

మావయ్య కుర్రతనంలో ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. గానుగ రోజుల్లో చెరకు బళ్ళు బారులు తీరి ఉండేవి, ఎద్దుల మెడ గంటలకి రాత్రి నిద్ర పట్టేది కాదు. పైన లేత పచ్చని చెరకు, లోపల ఎండిపోయిన చెరకు, అడుగున తడిపిన ఆకు. అలాంటి ఎత్తులు ఎన్నో పట్టుకున్నాడు. కర్రతో మోపు గుచ్చి, ఇరుసు చప్పుడు విని, ఈ బండిలో ఏదో ఉందని చెప్పేసేవాడు. సూపర్‌వైజరు కూడా మెచ్చుకునేవాడు. ఆ పొగరు ఒకటి తలకెక్కింది.

అంత తెలివిగలవాడు 1999లో విశాఖలో ఒక విదేశీ కంపెనీ కారు చూసి పడిపోయాడు. మెరిసే నీలం రంగు, పవర్ విండోలు. తోడొచ్చిన మెకానిక్ “బాబూ, దీని సామాను మన దగ్గర దొరకదు” అన్నాడు. “నీకు తెలీదులే” అని మావయ్య అతన్ని బస్సెక్కించి పంపేశాడు. తొందరేమిటంటే, ఆ నెల ఫ్యాక్టరీలో ఇంకో గుమాస్తా మారుతి కొన్నాడు. ఇంతే కారణం. పాతికేళ్ళు దాటాక ఒప్పుకోవడానికి సిగ్గేముంది?

నాలుగేళ్ళకి ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. ఆ తర్వాత ఓ శివరాత్రికి ముఖలింగం వెళ్తూ దారిలో బండి ఆగింది, నువ్వు మీ అమ్మ ఒళ్ళో వాంతి చేసుకున్నావు, అందరూ పాల వ్యానెక్కి ఇంటికొచ్చారు. చెడిపోయింది అరచేయంత ప్లాస్టిక్ ముక్క. విశాఖలో లేదు, చెన్నైలో లేదు, ఢిల్లీ నుంచి తెప్పించినది సరిపోలేదు. అలా వచ్చింది కారు చింతచెట్టు కిందికి.

ఇక్కడి దాకా నీకు తెలుసు. తర్వాతి సగం ఇది. 2005లో ఒక బ్రోకరు వచ్చి ఎంతో కొంత ఇస్తానన్నాడు. పేరు మార్పు కాగితాలు, ఫారం 29, ఫారం 30, ఖాళీగా ముందుపెట్టాడు. మావయ్య సంతకాలు చేసేశాడు, పీడ వదిలిందనుకున్నాడు. కొన్నవాడు ఆర్సీని తన పేరుకి మార్చుకోలేదు. వాడి దగ్గర కొన్నవాడూ మార్చుకోలేదు, బీమా కూడా కట్టలేదు. ఎలా నడిపించారో గానీ, రెండేళ్ళకి ఆ కారు సైకిలు మీద పోతున్న ఒకాయన్ని గుద్దింది. ఆయన బతకలేదు. ట్రైబ్యునల్ నుంచి నోటీసు ఎవరికొస్తుంది? ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళకి. సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి కేసులోనే మళ్ళీ తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో యజమాని ఎవరైతే పరిహారం బాధ్యత వాళ్ళదే.

నాగావళి గట్టున అర ఎకరం పల్లం అమ్మింది మీ అత్తయ్య ఆపరేషన్‌కి కాదురా. అందుకు. ఆ డబ్బు ఆ ఇంటికి చేరడం న్యాయమే, దాని గురించి మావయ్యకి పేచీ లేదు. కోర్టు వాయిదాకి వచ్చినప్పుడు పోయినాయన భార్య ఒక్కమాట కూడా అనలేదు, వరండాలో బల్ల మీద పక్కకి జరిగి కూర్చోడానికి చోటిచ్చింది. ఇంట్లో పిల్లలకి మాత్రం ఆపరేషన్ అని చెప్పాల్సి వచ్చింది. అది మీ అత్తయ్య ఆలోచన. మొగుడి పరువు కోసం లేని జబ్బు నెత్తిన వేసుకుంది.

ఇప్పటి కాలం ఇంకా విచిత్రం. బండి తాళం తీసుకునేటప్పుడు షోరూంలో కేకు కోస్తున్నారు, దాని మీద పట్టు గుడ్డ కప్పి తీసి వీడియో పెడుతున్నారు. నలుగురున్న ఇంటికి ఏడు సీట్లు, టాపుకి కిటికీ. మన ఎండలో టాపుకి కిటికీ ఎందుకో! వాయిదా ఎంత అంటే చెబుతారు, మొత్తం ఎంత అంటే తెల్లముఖం వేస్తారు. మీ తాత సైకిలు కొనడానికి రెండు పంటలు ఆగాడు. ఆ సైకిలుకి కూడా చైను కవరు తర్వాతి పంటకే.

సరే, ముసలి సణుగుడు చాలు. పనిలోకి వద్దాం.

ఢిల్లీ బండి ఎందుకు చవక? ఢిల్లీలోనూ దాని చుట్టుపక్కలా పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, అక్కడ వయసైపోయిన డీజిలుకి ధర పడిపోయి ఉంది. ఆ చవక మనదాకా వచ్చేసరికి నిలవదు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. ఆర్సీ గడువు పదిహేనేళ్ళే కనుక 2014 బండికి 2029తో అయిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష, రెన్యువల్. దానికి 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5 వేల ఫీజు. బ్రోకరు ఇవేవీ కలపకుండా ధర చెప్పాడు. ఆ బండి వద్దు.

అయినా డస్టరే కావాలంటే ఏపీ నంబరుది, 2016 తర్వాతది చూడు. 110 కన్నా 85 హార్స్‌పవర్‌ది నీకు నయం. కింది స్పీడులో బద్ధకించదు, విశాఖ ట్రాఫిక్‌కి అదే సుఖం. ఎయిర్‌బ్యాగు లేని మోడల్ ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకు. 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్ది చూస్తే ఎయిర్‌బ్యాగు లేని డస్టర్‌కి సున్నా స్టార్లు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉన్నదానికి మూడు. నీ పక్క సీట్లో కూర్చునేది నీ పెళ్ళాం, కాబట్టి రెండు బ్యాగులున్నదే తీసుకో.

ఆ డీజిలు ఇంజనుకి టైమింగ్ బెల్టు ఉంటుంది, గొలుసు కాదు. అది నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్‌కి గుద్దుకుంటాయి, ఇంజను విప్పాల్సిందే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. “మార్పించాం సార్” అనే మాట బిల్లు కాదు. బిల్లు లేకపోతే కొన్న మర్నాడే మార్పించే ఖర్చు బేరంలో తగ్గించు.

మన తీరంలో ఇంకో బెడద నీళ్ళు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. చెన్నైలో 2015 వరద సంగతి చెప్పక్కర్లేదు. మునిగిన బండిని తుడిచి సెంటు కొట్టి అమ్ముతారు. సీటుబెల్టుని చివరిదాకా లాగి చూడు, లోపలి కొసన బురద చార ఉంటే లేచి వచ్చెయ్. సీటు కింద పట్టాలు, స్పేర్ టైరు గుంట తుప్పు చూడు. బండిని లిఫ్టు ఎక్కించి అడుగు చూడనివ్వని వాడి దగ్గర కొనకు. పొద్దున్నే, వాళ్ళు వేడి చెయ్యకముందే వెళ్ళి స్టార్టు చెయ్యి.

ఆర్సీ నంబరుతో పరివాహన్ సైట్‌లో వెతికితే ఫైనాన్సు ఉందా, బీమా ఉందా తెలుస్తుంది. ఫైనాన్సు ఉంటే, అప్పు తీరిందనే ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. నీ పేరు ఆర్సీలోకి రావాలి, బీమా నీ పేరుకి మారాలి. ఈ రెండూ అయ్యేదాకా ఆ బండిని మీ వీధి దాటనివ్వకు. రేపు నువ్వు అమ్మేటప్పుడూ అంతే. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టావని తెలిస్తే మావయ్య ఆ రోజు నుంచి నీ గుమ్మం తొక్కడు.

బండి ధర కాక డెబ్బై వేలు విడిగా ఉంచుకో. బెల్టు, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు, ఏదో ఒకటి మొదటి ఏడాదే అడుగుతుంది. ఆ డబ్బు లేకపోతే నీ దగ్గర కారు కొనే డబ్బు లేనట్టే. అప్పుడు బస్సుంది, రైలుంది, పండగకి అద్దె బండి ఉంది.

ఇప్పుడు పైన వదిలేసిన సంగతి. సోమవారం బ్యాంకుకి వెళ్ళు. మీ అమ్మ పుస్తెలతాడు విడిపించి ఆవిడ చేతికి ఇయ్యి. మీ ఆవిడకి తెలియకపోతే చెప్పు, తెలిస్తే ఆమెని కూడా తీసుకెళ్ళు. వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకి శ్రీకాకుళం రోడ్‌లో దిగు, మావయ్య స్టేషన్ బయట ఉంటాడు. మన మెకానిక్‌ని వెంటబెట్టుకుని రెండు మూడు బండ్లు చూద్దాం. ఢిల్లీ బండికి అడ్వాన్సు ఇచ్చి ఉంటావు, ఆ రసీదు మర్చిపోకుండా తీసుకురా.

ఆశీస్సులతో
మావయ్య