చూడటానికి వచ్చినవాళ్లం

విశాఖపట్నం నుంచి స్నేహితురాలు వచ్చింది. హైదరాబాదు రావడం ఇదే మొదటిసారి. "మీ ఊరు చూపించవే" అంది. మీ ఊరు అనగానే లోపలెక్కడో కలుక్కుమంది. పుట్టిన దగ్గర్నుంచీ కూకట్‌పల్లిలోనే ఉంటున్నాను. ముప్పై మూడేళ్లలో చార్మినార్‌కి నాలుగుసార్లు వెళ్లానేమో. ఒకసారి స్కూలువాళ్లు తీసుకెళితే, రెండుసార్లు ఇంట్లో పెళ్లిళ్లకి గాజులు కొనడానికి, ఇంకోసారి రంజాన్ రాత్రి ఆఫీసువాళ్లతో హలీం తినడానికి. అయినా గైడులాగా తలూపాను.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. చార్మినార్ వైపు మెట్రో ఇంకా లేదు. 2020లో జేబీఎస్ నుంచి వేసిన లైను కూడా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఆటో ఎక్కి మూసీ దాటాం. ముందు సాలార్ జంగ్ మ్యూజియం. అక్కడ అందరూ వెతుక్కునే బొమ్మ 'ముసుగు రెబెక్కా'. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి అమ్మాయి. మొదటి సాలార్ జంగ్ 1876లో రోములో కొన్నాడు. రాతి ముసుగు వెనకనుంచి రాతి ముఖం కనిపిస్తుంది. జనం చుట్టూ తిరిగి, వంగి, తొంగి చూస్తారు. మేమూ చూశాం. ఎంతసేపు చూసినా తప్పు లేదు. అది చూడటానికే పెట్టిన వస్తువు, తిరిగి మనల్ని చూడదు.

బయటికొచ్చి మదీనా మీదుగా పత్తర్‌గట్టీలో నడుస్తున్నాం. జనం కాస్త ఒత్తుకోగానే నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "బ్యాగు ముందుకి పెట్టుకోవే." పక్కన చాయ్ బండి దగ్గరున్న పెద్దాయన విన్నాడు. కోపంగా ఏం చూడలేదు. సాసర్లు కడుగుతూనే తెలుగులో అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉన్న మేడం. పోయింది ఒక్క గొడుగు. అది గూడ నేనే బస్సుల మర్చిపోయిన."

నా స్నేహితురాలు పకపకా నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ మాట నాది కాదు, మా అమ్మది. అమ్మ ఈ ఊరికి కాపురానికొచ్చింది 1990లో. ఆ డిసెంబరులోనే గొడవలు, చావులు, కర్ఫ్యూ. "మూసీ అవతలికి వెళ్లకండి" అన్నది మా ఇంట్లో ట్యాపు కట్టెయ్యండి, గ్యాసు ఆపెయ్యండి లాంటి మాట అయిపోయింది. అమ్మ భయం అబద్ధమని అనను. కానీ ఆ కర్ఫ్యూలో రోజుల తరబడి తలుపులు మూసుకుని గడిపినవాళ్లు పాతబస్తీవాళ్లేనన్న సంగతి మా ఇంటి కథలోకి ఎప్పుడూ రాలేదు. అమ్మకి అది భయం. నాదాకా వచ్చేసరికి అదే జ్ఞానంగా మారింది. స్నేహితురాలికి ఈ వీధుల గురించి ఏమీ తెలియదు కాబట్టి కనిపించింది కనిపించినట్టు చూస్తోంది. నాకు అన్నీ తెలుసు కాబట్టి ఏమీ కనిపించడం లేదు.

1591లో కట్టిన చార్మినార్ ఎక్కి దిగి, పక్కనే ఉన్న మక్కా మసీదుకి వెళ్లాం. 1617లో మొదలుపెడితే 1694కి గానీ పూర్తికాలేదట. నమాజుకొచ్చినవాళ్లూ, చూడటానికొచ్చిన మాలాంటివాళ్లూ ఒకే గేటులోంచి వెళ్తున్నారు. హౌజు దగ్గర వుజూ చేసుకుంటున్నవాళ్ల పక్కనుంచి నడుస్తుంటే నాకు 2007 మే 18 గుర్తొచ్చింది. ఆ శుక్రవారం నమాజు వేళ ఇక్కడే బాంబు పేలింది. పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్నాను. టీవీ చూస్తూ అమ్మ "అందుకేనే అటు వెళ్లొద్దనేది" అంది. నేనూ తలూపాను. పోయినవాళ్లు ప్రార్థనకొచ్చినవాళ్లని మా ఇద్దరికీ ఆ క్షణాన తట్టలేదు. చూడకపోవడం ఒక్కోసారి అంత దూరం తీసుకుపోతుంది.

అయితే చూడటమే మంచిదా? అదీ అంత తేలిక కాదు. లాడ్ బజార్ వెనక ఒక సందులో, గుమ్మంలో కూర్చుని ఒకావిడ లక్క గాజులకి రాళ్లు అద్దుతోంది. చిన్న కుంపటి మీద లక్కని వెచ్చజేసి, మెత్తబడ్డాక ఒక్కో రాయీ పొదగాలి. చల్లారితే పట్టదు, ఎక్కువ కాగితే గాజు వంకరపోతుంది. ఈ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా స్నేహితురాలు ఆగి టకటకా నాలుగు ఫోటోలు తీసేసింది. అది ఆవిడ ఇల్లు. లోపల మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు.

ఆ క్షణంలో నాకెందుకో పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. నేను రెండుసార్లు కూర్చున్నాను. వస్తారు, స్వీటూ హాటూ తింటారు, పైనుంచి కిందిదాకా చూస్తారు, "కబురు చేస్తాం" అని వెళ్లిపోతారు. చూడటం వల్ల మనిషి అరిగిపోడు, నిజమే. నొప్పి ఎక్కడంటే, చూసే పని ఒకరిదీ చూపించుకునే పని ఇంకొకరిదీ కావడంలో. సైట్ సీయింగ్ అనేదాంట్లో చాలా భాగం అదే. ఊరు పట్టుచీర కట్టుకుని కూర్చోవాలి, మనం చూసి స్టార్లు ఇవ్వాలి.

అలాగని ఎవరూ చూడటానికి రాకపోతే ఏమవుతుంది? గాజులు ఎవరు కొంటారు? ఫోటో తియ్యడమే పాపం అంటూ మొహం తిప్పుకుని వెళ్లిపోతే నా మనసు శుభ్రంగా ఉంటుందేమో. ఆవిడకి బేరం ఉండదు. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా చేసిందీ అదే కదా, మొహం తిప్పుకోవడం.

ఈ ముడి విప్పింది నేను కాదు, ఆవిడే. తలెత్తి, "ఫోటో తో లే లియే, అబ్ హాత్ దిఖావ్" అంది. ఫోటో తీసుకున్నావుగా, ఇక చెయ్యి చూపించు. స్నేహితురాలు చెయ్యి చాపింది. ఆవిడ వేళ్ల కణుపులు ఒక్కసారి నొక్కి చూసి "సవా దో" అని తేల్చేసింది. రెండుంపావు. ఏడేళ్లుగా రెండున్నర వేసుకుంటున్నానంది మా పిల్ల. అందుకే జారిపోతుంటాయని ఆవిడ జవాబు. కుడిచెయ్యి ఆవిడ చేతిలో ఉంది. ఫోను తియ్యడానికి కుదరదు. గాజులు ఎక్కించాక, తీసిన ఫోటోలు చూపించమంది. చూసి పెదవి విరిచింది. దుపట్టా సర్దుకుని, మంచం కనిపించకుండా తలుపు దగ్గరగా వేసి, మళ్లీ తియ్యమంది.

గాజులు కొన్నాం కాబట్టి లెక్క సరిపోయిందని నేననుకోవడం లేదు. ఇచ్చిన డబ్బు గాజులకే. కానీ మ్యూజియంలో జరగనిది ఆ గుమ్మంలో జరిగింది. చూడటానికి వచ్చిన మనిషిని అవతలి మనిషి కూడా చూసింది, కొలిచింది, తప్పు సైజు వేసుకుంటున్నావని చెప్పింది. చాయ్ పెద్దాయన నాకు చేసిందీ అదే. మన కాని చోటికి చూడటానికి వెళ్లే హక్కు మనకి ఎక్కడిది అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు నాకు తోచే జవాబు ఒక్కటే. వాళ్ల కంట మనమూ పడటానికి, అక్కడ మన సైజు తప్పని తేలితే ఒప్పుకోవడానికి సిద్ధపడి వెళ్తే చాలు. అది ఎంట్రీ టికెట్టులో రాదు.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మ గాజులు చూసి ముచ్చటపడింది. "నాకూ తేకపోయావా?"

"నీ సైజు తెలీదమ్మా. చెయ్యి చూస్తేగానీ ఆవిడ ఇవ్వదు. వచ్చే శనివారం వస్తావా?"

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ గాజుల్ని లైటు కింద తిప్పి తిప్పి చూసి, "చూద్దాంలే" అంది.