తిరుగు టికెట్టు

ప్రతి మే నెలలో మా ఇంట్లో అండమాన్ పేరు ఒకసారి వినిపిస్తుంది. నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రం మీదికి వచ్చాయని వార్తల్లో చెప్పగానే అమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెడుతుంది. అక్కడ దిగిన వాన మహారాష్ట్రలోని మా గోండ్‌పిప్రి దాకా రావడానికి మూడు వారాలు పడుతుంది, ఒక్కో ఏడు ఇంకా ఎక్కువే. ఆలోగా దుక్కి కావాలి, పత్తి విత్తనాలు తెచ్చి పెట్టుకోవాలి, కప్పు మీద పగిలిన పెంకులు మార్చుకోవాలి. మృగశిర కార్తె నాటికి చేను సిద్ధంగా ఉండాలి. వరి, పత్తి పండించుకునే మాలాంటి ఇళ్లకు ఆ దీవులతో ఉన్న చుట్టరికం అంతే. అవి వాన మొదలయ్యే చోటు. అక్కడ మనుషులుంటారన్న సంగతి మాకెవరికీ తట్టేది కాదు.

ఈసారి ఆ పేరు వేరే దారిన వచ్చింది. అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోతాయి కదా అని మా ఆవిడ ఒకరోజు, "ఏమండీ, ఒక్క వారం ఏదైనా దీవికి పోయొద్దాం" అంది. గోవా వద్దట, పూరీ వద్దట. చుట్టూ నీళ్లే ఉండాలట. బడిలో లెక్కలు చెప్పే నోరు కదా, ఊరుకోలేదు. మన తాలూకాకు తూర్పున వైన్‌గంగ, దక్షిణాన వార్ధా, రెండూ తుమ్మిడిహట్టి దగ్గర కలిసి ప్రాణహిత అవుతున్నాయి, అంటే మనం సగం దీవిలోనే ఉన్నాం అన్నాను. ఉష్ణమండలమే కావాలంటే కర్కట రేఖకు దిగువనే కదా మన ఊరు, చంద్రాపూర్‌లో మే నెల ఎండ నలభై ఆరు డిగ్రీలు దాటిన రోజున ఇంతకన్నా ఉష్ణమండలం ఎక్కడ దొరుకుతుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

మొదట మారిషస్ మాట వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో చెరుకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు అక్కడ ఉన్నారు, ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. ఖర్చు విని ఆ మాట అక్కడే వదిలేశాం. లక్షద్వీప్‌కు ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. అలా అండమాన్ మిగిలింది.

ఎప్పుడు వెళ్లాలన్నది చెప్పినంత తేలిక కాదు. బడికి దీపావళి సెలవులు ఉన్నాయి గాని పత్తి తీత మొదలయ్యేది అప్పుడే, వెనకాలే వరి కోత. డిసెంబర్ చివర దేశమంతా అక్కడే ఉంటుంది, విమానం ధరలు కూడా ఆ ఎత్తులోనే ఉంటాయి. ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుందంటారు, ఆ నెలలో మాకు బోర్డు పరీక్షలు. మిగిలింది ఏప్రిల్ ఆఖరు, మే మొదలు. ఇంకో రెండు వారాలు ఆలస్యం చేస్తే అమ్మ ఎదురుచూసే ఆ వానలోకే వెళ్లి దిగుతాం. రైతు ఇంటికి తీరిక దొరికేది అక్కడ కాలం చెడిపోయే ముందే.

తరవాత దారి లెక్క. బల్లార్షాలో రైలెక్కితే ఒక రాత్రి గడిచేసరికి చెన్నై. అక్కడి నుంచి విమానంలో రెండు గంటల చిల్లర, ఓడలో అయితే మూడు రోజులు. విశాఖ నుంచి వెళ్లే ఓడకూ రెండు రోజులకు పైనే పడుతుంది. ఓడ టికెట్టు చవక కాబట్టి కాగితం మీద వేసి చూశాను. పోవడానికి మూడు, రావడానికి మూడు. వారంలో దీవి మీద ఉండేది ఒక్క రోజు. 'వారం రోజుల దీవి సెలవు' అనేది విమానం వచ్చాకే పుట్టిందని అప్పుడు తెలిసింది. విమానం టికెట్టు చూడబోతే బయల్దేరే తేదీ పక్కనే తిరిగివచ్చే తేదీకి ఇంకో గడి ఉంది. అది నింపుతుంటే ఆలోచన ఎటో పోయింది. మనకన్నా ముందు ఆ దీవులకు వెళ్లినవాళ్లలో ఈ రెండో గడి నింపినవాళ్లు ఎంతమంది?

1857 తిరుగుబాటు అణిగాక, 1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరం మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 21న మా జిల్లా కేంద్రంలో, అప్పటి చాందాలో, మోలంపల్లి గోండు జమీందారు బాబూరావ్ శేడ్మాకేను ఆంగ్లేయులు ఉరి తీశారు. ఉరి తీసినవాళ్లకు నేల, తీయనివాళ్లకు సముద్రం. అవతల నిజాం రాజ్యంలో 1857 జూలైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి ముందు నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే పోయాడు. మరాఠీ బడిలో చదువుకున్న మాకు పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలంటే ముందు గుర్తొచ్చేది సావర్కర్ గది. యాభై ఏళ్ల శిక్షతో 1911లో వెళ్లిన ఆయన 1921లో ఆ దీవి దాటారు. అలా దాటగలిగినవాళ్ల కథలు పుస్తకాలకు ఎక్కుతాయి, దాటనివాళ్లవి చాలావరకు ఎక్కవు.

సంకెళ్లు లేకుండా వెళ్లినవాళ్ల సంగతి నన్ను ఇంకా ఎక్కువ పట్టుకుంది. 1918 నుంచి రాంచీ వైపు ఆదివాసులను అడవి కొట్టే పనికి అక్కడికి తీసుకుపోయారు. అక్కడ వాళ్లను ఇప్పటికీ 'రాంచీవాళ్లు' అనే పిలుస్తారు. టేకు దుంగల డిపో ఉన్న బల్లార్షా పక్కన పెరిగినవాణ్ణి, దుంగ వెనకాల ఎవరి చెమట ఉంటుందో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఛాథమ్ దీవి మీద 1883లో పెట్టిన కోత మిల్లు ఉంది, చూడాల్సిన చోట్ల పట్టీలో అది తప్పకుండా కనిపిస్తుంది. దుంగలు మోసినవాళ్లు మాత్రం ఏ పట్టీలోనూ కనిపించరు. 1925లో బర్మా నుంచి కరెన్ తెగవాళ్లు వచ్చారు, 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. ఇక మనవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు పట్టుకుని పోయినవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో ఉన్నది మూడు లక్షల ఎనభై వేల మంది, వాళ్లలో పదమూడు శాతానికి పైగా తెలుగు మా మాతృభాష అన్నారు. నేను వాన పుట్టే చోటు అనుకున్నదాంట్లో ఇంత తెలుగు ఉంది.

వీళ్లెవరికీ ఆ దీవి సెలవు కాదు. నీళ్లు అవే, ఇసుక అదే, కొబ్బరి చెట్లూ అవే. తేడా జేబులో ఉండే తిరుగు టికెట్టు దగ్గర వస్తుంది. 2004లో టైమ్ పత్రిక హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరాన్ని ఆసియాలోకెల్లా మేటి తీరమని రాసింది. (ఆ దీవి పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.) అదే 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి నికోబార్‌లో ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్ల మేర కుంగింది, అక్కడి లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లింది. వారం కోసం వచ్చినవాళ్లు ఎలాగోలా ఇళ్లకు చేరి ఉంటారు. అక్కడివాళ్ల ఇల్లే సముద్రంలోకి పోయింది.

అమ్మకు ఈ ప్రయాణం అసలు అంతుపట్టలేదు. "సముద్రంల ఏమున్నదిరా సూడనీకి? ఏమన్న తిథి ఉన్నదా?" అని అడిగింది. తిథి ఏమీ లేదమ్మా అన్నాను. "మొక్కున్నదా?" అదీ లేదన్నాను. "మరి ఎందుకు పోతున్నరు?" చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

ఆమె కూడా తిరిగిన మనిషే. శివరాత్రికి మార్కండా జాతర, ధాబాలో కొండయ్య మహరాజ్ యాత్ర, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు. రోజు పంచాంగం చెప్పింది, చోటు పెద్దలు చెప్పారు, ఎందుకో అందరికీ తెలుసు. ఇంక ఆమె చూసుకోవాల్సింది సద్ది మూట, మార్చుకోను ఒక చీర. మాకేమో వెళ్లడానికి కారణం లేదు, అందుకే గంట గంటకూ టైంటేబుల్ వేసుకుంటున్నాం. పొద్దున ఫలానా తీరం, మధ్యాహ్నం ఫలానా మ్యూజియం. దాంట్లోనూ తప్పాం. పోర్ట్ బ్లెయిర్ మనకు పదమూడు డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున యాభై రెండు నిమిషాలు. గడియారం ఒకటే గాని అక్కడ సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. 'ఆరు గంటలకు సూర్యాస్తమయం చూడ్డం' అని మా ఆవిడ చక్కగా రాసిపెట్టింది. కొట్టేయక తప్పలేదు.

మా తాలూకాలో ఇల్లు విడిచి వారాలకు వారాలు బయట ఉండేవాళ్లు లేకపోలేదు. సంక్రాంతి దాటితే జీపుల నిండా జనం మిర్చి ఏరడానికి తెలంగాణకు పోతారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు, తరగతిలో వెనక బల్లలు ఖాళీ అవుతాయి. వాళ్లకు తిరిగివచ్చే తేదీ ఉండదు, చేనులో కాయ అయిపోతేనే వస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ఈ పక్క జిల్లాల కూలీలు ఎందరో ఆ చేలలోనే చిక్కుపడ్డారు, కొందరు అడవి దారుల్లో నడుచుకుంటూ బయల్దేరారు. ఆ వేసవిలో 'తిరిగి రావడం' అన్న మాట బరువెంతో మా ఊళ్లకు బాగా తెలిసింది. బడి తెరిచాక, వారం రోజులు నేను ఎక్కడ ఉన్నానో ఆ వెనక బల్లల పిల్లలకు ఏమని చెప్పాలి? సిగ్గుపడి మానుకోవాలని కాదు నా ఉద్దేశం. నేను మానుకుంటే వాళ్ల బల్లలేమీ నిండవు. కాని వాళ్ల ప్రయాణానికీ నా ప్రయాణానికీ పోలికే లేనట్టు నటించడం నా వల్ల కాలేదు.

మా దగ్గరికీ టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లున్నారు. మా జిల్లాలోని తాడోబా పులుల అడవికి దేశదేశాల నుంచి వస్తారు, తెల్లవారక ముందే జీపెక్కి పులి కనపడాలని దండం పెట్టుకుంటారు. అదే జిల్లాలో తునికాకు కోతకు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడవిలోకి పోయేవాళ్లు పులి కనపడకూడదని దండం పెట్టుకుంటారు. ఏటా వేసవిలో కొందరు తిరిగి రారు. జీపులోవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల డబ్బుతో గైడ్ల పొయ్యి వెలుగుతుంది. కాకపోతే చూడవచ్చినవాళ్ల పులి వేరు, పక్కన బతికేవాళ్ల పులి వేరు అని మాకు పుట్టుకతో తెలుసు. తెలిసి కూడా అవతలి ఊరికి వెళ్లేటప్పుడు మరిచిపోతాం.

మా కాగితంలో బారాటాంగ్ దీవి దగ్గరికి వచ్చేసరికి ఈ మాట పెద్ద చర్చే అయింది. అబ్బాయికి అక్కడి సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూడాలని ఉంది. అక్కడికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వు అడవిలోంచి వెళుతుంది. వాహనాలను వరసకట్టి పోలీసు కాపలాతో పంపుతారు, ఆగకూడదు, ఫొటో తీయకూడదు. ఆ దారి కొంతమేర మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది, బళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి. తిండి చూపించి జారవా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటికి వచ్చి దుమారం రేగింది.

"మనం ఫొటో తీయం కద నాన్నా," అన్నాడు వాడు. న్యాయమైన మాటే. వెంటనే ఇంకోటి అడిగాడు. "జంగ్లీఘాట్‌లో చేపలోళ్లను చూస్తమంటివి. వాళ్లని చూస్తే తప్పు లేదు, వీళ్లని చూస్తే తప్పా?"

రెండు రోజులు ఆలోచించి చెప్పాను. చేపలమ్మే అక్క నన్ను ఎదురు ప్రశ్న వేయగలదు. 'ఏ ఊరయ్యా మీది' అంటుంది, ధర దగ్గర పోట్లాడుతుంది, నచ్చకపోతే పొమ్మంటుంది. రోడ్డు పక్కన నిలబడ్డ జారవా మనిషి, సాగిపోయే బండి అద్దంలోంచి చూస్తున్న నన్ను వద్దనలేడు. వద్దనే వీలు లేనివాణ్ణి చూసి రావడానికి మనం డబ్బు కట్టొద్దు. వాడు ఒప్పుకోలేదు, గుహలు వేరు మనుషులు వేరు అన్నాడు. దారి ఒకటే కదరా అన్నాను. వాడి వాదన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. కాని ఆ రోజును కాగితం మీంచి కొట్టేశాం.

అలా వారంలో ఒక రోజు ఖాళీ అయింది. దాన్ని ఖాళీగానే ఉంచుదామన్నాను. ఏ తీరానికీ పోకుండా, ఏదీ చూడాలని పెట్టుకోకుండా, జంగ్లీఘాట్ బజారులో తెలుగు మాట వినిపించిన చోట కూర్చుందాం అన్నాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, పెన్ను నా చేతిలోంచి తీసుకుని ఆ గడిలో రాసింది: బట్టలు ఉతుక్కోవాలి.