చాటున అన్న మాటకు జట్టు పోతుందా?

ఒక పెద్దమనిషి ఏకాంతంలో, తనకు సన్నిహితురాలైన స్త్రీతో అన్న మాటలకు శిక్షగా అతని ఆస్తిని అమ్మించవచ్చా? ఇలా అడిగితే మీలో చాలామంది 'అదేం న్యాయం?' అంటారు. నల్లజాతి యువకుల ఆట మీద ధనం గడిస్తూ, నల్లవాళ్లను మాత్రం తన ఆటలకు వెంటబెట్టుకు రావద్దన్న వాణ్ణి యజమానిగా ఉంచాలా అని అడిగితే, అదే మీరు 'ఒక్క రోజు కూడా ఉంచరాదు' అంటారు. రెండు ప్రశ్నలూ ఒకే మనిషిని గురించినవి.

అతని పేరు డొనాల్డ్ స్టెర్లింగ్. అమెరికాలో అద్దె ఇళ్ల వ్యాపారంలో కోట్లు కూడబెట్టినవాడు. 1981లో క్లిప్పర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టును సుమారు 1.25 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2014 ఏప్రిల్ నెలాఖరులో అతని సంభాషణ టేపు ఒకటి బయటపడి దేశమంతా మారుమోగింది. ఆ స్త్రీ నల్లవారితో కలిసి దిగిన ఫోటోలు నలుగురికీ చూపడం, ముఖ్యంగా మ్యాజిక్ జాన్సన్ వంటి మహా క్రీడాకారునితో దిగిన ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం అతనికి గిట్టలేదు. అలాంటివారిని తన ఆటలకు తీసుకురావద్దన్నాడు. అతని ఆటగాళ్లలో అత్యధికులు నల్లవారే. అప్పట్లో వారికి శిక్షణనిచ్చిన డాక్ రివర్స్ కూడా నల్లజాతి మనిషే.

ఏప్రిల్ 27న ఓక్లాండ్‌లో ఆట. క్లిప్పర్స్ ఆటగాళ్లు ఆటస్థలం నడిమధ్యకు వచ్చి, పైన వేసుకున్న కోట్లు విప్పి నేలమీద పడవేశారు. జట్టు పేరు కనబడకుండా చొక్కాలు తిరగవేసి తొడుక్కుని సాధన చేశారు. ఒక్క మాట మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ తీర్పు చెప్పారు. ఆయన ఆ పదవిలోకి వచ్చి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. స్టెర్లింగ్‌కు జీవితకాల బహిష్కారం, నిబంధనలు అనుమతించే గరిష్ఠ జరిమానా 25 లక్షల డాలర్లు. పైగా, జట్టును అమ్మించవలసిందిగా మిగతా యజమానులను కోరతానన్నారు.

అలా అమ్మించే హక్కు లీగ్‌కు ఉందా? ఇక్కడ జట్టు అంటే ఏమిటో మనం కాస్త తెలుసుకోవాలి. అది పొలం వంటి ఆస్తి కాదు. మన ఊళ్లలో పాల సంఘం ఉంటుంది గదా! గేదె నీదే, కాని సంఘంలో సభ్యత్వం సంఘం షరతులకు లోబడినది. పాలలో నీళ్లు కలిపి సంఘానికి చెడ్డపేరు తెస్తే సభ్యత్వం తీసివేస్తారు, గేదెను మాత్రం ఎవరూ తోలుకుపోరు. ఎన్.బి.ఏ. అనే ఆ లీగ్ కూడా 30 జట్ల సంఘమే. ఒక్క జట్టు తనతో తానే ఆడుకోలేదు. కాబట్టి జట్టు విలువంతా మిగిలిన 29 జట్లతో ఉన్న పొత్తులోనే ఉంది. సంఘ నియమావళి 13వ అధికరణం ప్రకారం, ఒప్పందాలను మీరి సంఘానికి హాని చేసిన యజమానిపై రాతపూర్వకంగా ఆరోపణ చేసి, అతని జవాబు తీసుకుని, విచారణ జరిపి, యజమానులలో నాలుగింట మూడు వంతులమంది ఓటు వేస్తే సభ్యత్వం రద్దు చేయవచ్చు. స్టెర్లింగ్ ఆ షరతులకు ఒప్పుకునే లోపలికి వచ్చాడు. అందుచేత హక్కు ఉందనే నేను భావిస్తున్నాను. ఇంతవరకు పెద్ద చిక్కు లేదు.

చిక్కల్లా చాటుమాటతోనే. మీ ఇంట్లో నిన్న రాత్రి అన్నాల దగ్గర ఎవరెవరిని ఏమేమి అనుకున్నారో, వచ్చే ఆదివారం పూజ తర్వాత గుడిలో చదివి వినిపిస్తే మనలో ఎంతమంది తలెత్తుకుని బయటికి వస్తాం? పొరుగువాని రహస్యాన్ని వీధిలో పెట్టడం తప్పని శ్రీసభ మనకు నేర్పింది. డల్లాస్ జట్టు అప్పటి యజమాని మార్క్ క్యూబన్ కూడా మొదట్లో ఈ సందేహమే లేవదీశాడు. ఆ మాటలు అసహ్యకరమైనవే గాని, మాటలకే మనిషిని వెళ్లగొట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతామని ఆయన భయం. తర్వాత కమిషనర్ నిర్ణయాన్ని సమర్థించాడనుకోండి.

ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే చాటుమాటకు ఉన్న రక్షణ దేనికి? మనసులోని చెడ్డ ఆలోచనకు ప్రభుత్వం సంకెళ్లు వేయకుండా, ఊరు రాళ్లు రువ్వకుండా కాపాడటానికి. స్టెర్లింగ్‌ను ఎవరూ చెరసాలలో వేయలేదు. కాని ఆ మాట ఒకసారి చెవిన పడ్డాక, ఎవరిని గురించి అన్నాడో వారినే 'రేపు వచ్చి నా కోసం ఆడండి' అని ఏ ముఖంతో పిలుస్తాడు? జాతి విద్వేషం పాపమని, అది వ్యక్తుల మనసుల్లోనే గాక సమాజపు ఏర్పాట్లలో కూడా గూడు కట్టుకుందని అమెరికా పీఠాధిపతులు 1979 నాటి తమ లేఖలోనే చెప్పారు. ఆ ఏర్పాట్లు ఎక్కడున్నాయో చూడాలంటే టేపు దాకా పోనక్కర లేదు.

ఎందుకంటారా? స్టెర్లింగ్ అసలు వ్యాపారం అద్దె ఇళ్లని చెప్పాను గదా! నల్లవారికి, స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు, పిల్లలున్న వారికి ఇళ్లు ఇవ్వడం లేదని 2006లో అమెరికా న్యాయశాఖే అతనిపై దావా వేసింది. 2009లో, తప్పు ఒప్పుకోకుండానే, 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడ్డాడు. అద్దె ఇళ్ల వివక్ష కేసులలో న్యాయశాఖ అప్పటివరకు రాజీ ద్వారా రాబట్టిన మొత్తాలలో అదే పెద్దది. ఇది రహస్యం కాదు, కోర్టు కాగితాల్లోని మాట. 'టు-లెట్' బోర్డు చూసి తలుపు తడితే ఇల్లు చూపించకముందే 'మీరేమిట్లు?' అని అడిగించుకున్న వారు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. ఇంటి గడప దగ్గర వెనక్కి తిరిగిన మనిషి కడుపులో ఏముంటుందో మీకు నేను చెప్పనక్కర లేదు.

అప్పుడు లీగ్ ఏం చేసింది? ఏమీ చేయలేదు. యజమానిని దండించడం చేతగాక కాదు సుమా! 1984లో ఇదే స్టెర్లింగ్ అనుమతి లేకుండా జట్టును శాన్ డియేగో నుంచి లాస్ ఏంజిలిస్‌కు తరలించినప్పుడు, ఇదే లీగ్ 2.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. తర్వాత రాజీలో అది 60 లక్షలకు తగ్గింది. ఊరు మారిస్తే కనిపించిన తప్పు, ఇల్లు లేదంటే కనబడలేదు. లీగ్‌నే అనడం దేనికి? నల్లజాతి వారి హక్కుల కోసం పాటుబడే ఎన్.ఎ.ఎ.సి.పి. వారి లాస్ ఏంజిలిస్ శాఖ, రాజీ జరిగిన ఆ 2009లోనే అతన్ని సత్కరించింది. 2014 మేలో మళ్లీ సత్కరించబోతుండగా టేపు బయటపడి సన్మానం రద్దయింది.

కాబట్టి నాకు మింగుడు పడనిది అతన్ని వెళ్లగొట్టడం కాదు, వెళ్లగొట్టిన కారణం. ఇళ్లు దొరకని కుటుంబాల గోడు ఎవరి టెలివిజన్‌లోనూ మోగలేదు. టేపు మోగింది. ప్రకటనలిచ్చే కంపెనీలు ఒకదాని వెంట ఒకటి తప్పుకున్నాయి. అప్పుడు గాని సంఘానికి హాని జరిగిందని సంఘానికి తోచలేదు. 2022లో ఫీనిక్స్ జట్టు యజమాని రాబర్ట్ సార్వర్ విషయం చూడండి. ఏళ్ల తరబడి తన కార్యాలయంలోనే జాతిని కించపరిచే మాట పలుమార్లు పలికాడని, మహిళా ఉద్యోగులను చిన్నచూపు చూశాడని లీగ్ నియమించిన న్యాయవాదులే తేల్చారు. శిక్ష ఒక ఏడాది దూరంగా ఉంచడం, కోటి డాలర్ల జరిమానా! చాటుమాటకు జీవితకాలం, పనిచోట చేతలకు ఏడాది. ఆటగాళ్లూ ప్రకటనకర్తలూ నిరసన చెప్పాక గాని ఆయన అమ్మకానికి సిద్ధపడలేదు.

ఇక స్టెర్లింగ్ కథ ఎలా ముగిసింది? విచారణకు 2014 జూన్ 3 తేదీ పెట్టారు. అది రాకముందే అతని భార్య జట్టును స్టీవ్ బాల్మర్‌కు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ ఏడాది ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నది ఈ బాల్మర్ దగ్గరి నుంచే. ధర 200 కోట్ల డాలర్లు. కొన్న ధరకు 160 రెట్లు! దండన పేరిట ఇంత లాభం పొందినవాణ్ణి నేనైతే ఇంకొకణ్ణి చూడలేదు. స్టెర్లింగ్ మొండికేశాడు. కుటుంబ ఆస్తి వ్యవహారాలు చూసే మానసిక సామర్థ్యం అతనికి లేదని ఇద్దరు వైద్యులు రాసిచ్చారు. జులై 28న కోర్టు భార్య పక్షాన తీర్పిచ్చింది. ఆగస్టు 12న అమ్మకం పూర్తయింది.

జూన్ 3 విచారణ రద్దయింది. ఓటు జరగనే లేదు. నాలుగింట మూడు వంతులంటే 23 చేతులు లేవాలి. స్టెర్లింగ్‌తో ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చున్న యజమానులలో ఏ ఒక్కరూ చెయ్యెత్తవలసిన అవసరం గాని, ఇన్నాళ్లూ ఎందుకు ఎత్తలేదో చెప్పవలసిన అవసరం గాని రాలేదు.