పాదలేపం కరిగిన తరువాత: ఒంటరి నగరసందర్శన - ఒక నైతిక విచారణ

తెలుగులో యాత్రాసాహిత్య విమర్శ ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతూ వచ్చింది. యాత్రికుడు ఏమి చూశాడు, చూసినదాన్ని ఎట్లా వర్ణించాడు అన్నవి ఆ ప్రశ్నలు. చూసినందుకు ఆ చోటికి అతడు ఏమైనా బాకీపడ్డాడా అన్న మూడవ ప్రశ్న నీతిశాస్త్రానికి సంబంధించిందన్న ఉద్దేశంతో కాబోలు, సాహిత్యవిమర్శకులు దాని జోలికి అంతగా పోలేదు. పరదేశపు మహానగరంలో, తోడు లేకుండా, పని లేకుండా, కేవలం చూడడంకోసం తిరిగే మనిషి విషయంలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిదవుతుంది. పనిమీద వెళ్ళినవాడు ఆ పని ద్వారా, చుట్టపుచూపుగా వెళ్ళినవాడు ఆ చుట్టరికం ద్వారా ఊరితో ముడిపడతాడు. ఒంటరి సందర్శకుడికి అటువంటి ముడి ఏదీ లేదు. అతడు చూస్తాడు, తిరిగివస్తాడు. ఈ చూపుకు జవాబుదారీ ఉందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

తీర్థయాత్రలో ఈ చిక్కు లేదు. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో, కృష్ణా మూసీ నదులు కలిసేచోట ఉన్న వాడపల్లిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముఖానికి సమానమైన ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతుందని, కింది దీపం నిశ్చలంగా ఉంటుందని, పైదీపాన్ని కదిలించేది స్వామి ఊపిరేనని భక్తులు చెబుతారు. దానిని చూడవచ్చినవారిలో కుతూహలం పాలెంత, భక్తి పాలెంత అని విడదీయడం కష్టం. అయినా దర్శనం అనే వ్యవస్థ ఆ కుతూహలాన్ని ఒంటరిగా వదలదు. పూజారి చూపిస్తాడు, చెబుతాడు. వచ్చినవాడు గోత్రనామాలు చెప్పుకుంటాడు, దక్షిణ పెడతాడు. అక్కడ చూసేవాడు తాను కూడా చూడబడుతున్నానన్న నమ్మకంతోనే నిలబడతాడు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తీర్థయాత్రికుడే అయినా, దారిలోని ఊళ్ళను లౌకికుడి కంటితోనే చూశాడు. ఆయన వెంట పరివారం ఉంది. అంతకన్న ముఖ్యంగా, చూసినదాన్ని ఎప్పటికప్పుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు లేఖలుగా రాసి పంపాడు. 1838లో పిళ్ళె అచ్చువేయించిన కాశీయాత్ర చరిత్ర ఆ విధంగా ఒకరికి అప్పగించిన చూపుల లెక్క.

మన కావ్యాలలో ఒంటరి సందర్శకుడు ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అతడు తీర్థాల కబుర్లకు చెవికోసుకునే గృహస్థు. అరుణాస్పదపురానికి అతిథిగా వచ్చిన సిద్ధుణ్ణి అడిగి పాదలేపం పొంది, ఒక్కడే హిమాలయానికి వెళతాడు. అతడి ప్రయాణంలో మొక్కుబడి లేదు, చుట్టరికం లేదు. కొండను చూడాలి, సాయంకాలానికి ఇంట ఉండాలి, అంతే. ఎండకు కరిగిన మంచునీటిలో లేపం కరిగిపోతుంది. అంతవరకు వేడుకగా చూసిన కొండ ఒక్కసారిగా దారి తెలియని చోటవుతుంది. అప్పుడతడు వరూధినిని చూసి దారి అడుగుతాడు. ఈ ఘట్టాన్ని ప్రవరుడి ఇంద్రియనిగ్రహానికి పరీక్షగా చదవడం మనకు అలవాటు. కాని ఇందులో అంతకుముందే ఇంకొకటి జరిగింది: లేపం ఉన్నంతవరకు ఆ కొండమీద ఎవరితోనూ మాట్లాడవలసిన అవసరమే అతడికి కలగలేదు.

ప్రవరుడి స్థితిని ఈనాటి చట్టభాషలోకి మార్చడం అంత కష్టం కాదు. అమెరికా ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టంలోని 214(బి) ప్రకారం, సందర్శక వీసా కోరే వ్యక్తిని, కాదని అతడు నిరూపించుకొనేవరకు, అక్కడే ఉండిపోదలచినవాడిగానే భావించాలి. కాబట్టి దరఖాస్తుదారుడు ఇల్లు, పొలం, ఉద్యోగం, కుటుంబం వంటి స్వదేశపు కట్టుబాట్లను చూపించి తాను తిరిగివస్తానని అధికారిని నమ్మించాలి. అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు, భార్య, శిష్యులు ఇన్ని ఉన్న ప్రవరుడికి ఆ వీసా క్షణాలలో దొరికి ఉండేది. హాస్యం అలా ఉంచితే, ఈ నిబంధన వెనుక ఒక తాత్వికభావన ఉంది. చూడవచ్చు, అంటుకోకూడదు అన్నదే అది. ఏ బంధమూ ఏర్పరచుకోకుండా వెళ్ళిపోయేవాడే చట్టం దృష్టిలో ఉత్తమ సందర్శకుడు. చట్టానికి అది సరిపోవచ్చు. నీతికి సరిపోతుందా?

ఊహకోసం ఒక మనిషిని తీసుకుందాం. దామరచర్ల ప్రాంతంలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకు ఇంట ఆరునెలలు గడపడానికి వెళ్ళాడు. కొడుకూ కోడలూ పనికిపోయిన ఒకనాడు తానొక్కడే రైలెక్కి న్యూయార్కు పెన్ స్టేషనులో దిగాడు. ఫోను చూపిన దారివెంట దక్షిణం కొసదాకా పోయి, ఛార్జీ అక్కరలేని స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కి, స్వేచ్ఛావిగ్రహాన్ని దూరం నుంచి చూశాడు. ఆ రోజంతా అతణ్ణి ఎవరూ పలకరించలేదు. సొంత ఊళ్ళో బస్టాండు దాకా నడిస్తే నలుగురు ఆపి "ఎటు పోతున్నరు సారూ" అంటారు. ఆ ప్రశ్నకు రోజూ జవాబు చెప్పుకున్న మనిషికి ఎవరూ అడగని ఆ ఒక్కరోజు కలిగించిన తేలికదనం మాటల్లో పెట్టలేనిది. మొదట కొంచెం భయం, తరువాత ఒక విధమైన ఆనందం. తిరుగుదారిలో మాత్రం, చూసినదాన్ని చూపించడానికి పక్కన ఎవరూ లేరన్న వెలితి.

ఈ తేలికదనాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. మహానగరంలో మనుషులు ఒకరిపట్ల ఒకరు పాటించే ఎడాన్ని గెయోర్గ్ జిమ్మెల్ 1903లోనే విశ్లేషించాడు. పైకి ఉదాసీనతగా కనిపించే ఆ ఎడం వ్యక్తికి చిన్న ఊరు ఇవ్వలేని స్వేచ్ఛను కూడా ఇస్తుందని ఆయన గుర్తించాడు. భారతీయ సందర్భంలో ఈ మాటకు వచ్చే బరువు జిమ్మెల్ ఊహించనిది. "ఎటు పోతున్నరు" అన్న ప్రశ్న ఉపాధ్యాయుడికి ఆప్యాయతగా వినిపించవచ్చు. అదే ప్రశ్న వెనుక "నువ్వెవరు, ఏమిట్లు" అన్న ఆరా ఉన్నప్పుడు అది కాపలాగా మారుతుంది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోసం న్యూయార్కు చేరిన అంబేద్కర్ ఆ తరువాత లండన్‌లో కూడా ఉండి, 1917లో బరోడా ఉద్యోగానికి తిరిగివచ్చాడు. విదేశాలలో గడిపిన ఏళ్ళు తాను అస్పృశ్యుణ్ణన్న స్పృహనే తనలో తుడిచివేశాయని, బరోడా స్టేషనులో దిగి ఎక్కడికి పోవాలి, ఎవరు చేర్చుకుంటారు అన్న ప్రశ్న ఎదురైనప్పుడు అది మళ్ళీ మేలుకున్నదని ఆయన తన స్మృతులలో చెప్పుకున్నాడు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకోవడం, అది బయటపడి వెళ్ళగొట్టబడడం తెలిసిన చరిత్రే. ఆ స్మృతులకు ఉన్న పేరు 'వీసాకోసం నిరీక్షణ' అని అర్థమిచ్చేది. సొంత దేశపు పట్టణంలో ప్రవేశానుమతి లేని మనిషి పరదేశపు నగరంలో ఎవరూ ఆపకుండా నడవగలిగాడన్న చేదునిజం ఆ పేరులోనే ఉంది.

ఎవరూ గుర్తుపట్టని ఈ స్వేచ్ఛ అందరికీ ఒకే కొలతలో దొరకదన్నది కూడా నిజం. ఒంటరి పురుషుడు జనంలో కలిసిపోగలిగినంత సులభంగా ఒంటరి స్త్రీ కలిసిపోలేదు. ఆమె చూస్తున్నంతసేపూ చూడబడుతూనే ఉంటుంది. భూభ్రమణ కాంక్షలో తన ఒంటరి ప్రయాణాలను రాసిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ, స్త్రీ యాత్రికుల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించడం కాకతాళీయం కాదనిపిస్తుంది. చర్మపురంగు, తలపాగా, పాస్‌పోర్టు కూడా ఈ కొలతను మారుస్తాయి.

కాబట్టి ఒంటరి సందర్శకుడి స్వేచ్ఛ నింద్యం కాదు. దానిని అతడు ఏమని భావిస్తున్నాడన్నదే అసలు సంగతి. అది తన సొంత సంపాదన అనుకుంటే పొరపాటు. దానిని అతడికి ఇచ్చినది ఆ నగరం. పడవను నడిపేవారు, వీధులు ఊడ్చేవారు, ఇంకో కొత్తమొహాన్ని అడ్డగించకుండా పక్కకు జరిగి దారి ఇచ్చిన లక్షలమంది కలిసి దానిని ఇచ్చారు. వారు ఇస్తున్నట్లు కనిపించకపోవడం వల్ల తీసుకున్నట్లూ అతడికి అనిపించదు. ఈనాటి ఫోనులోని మ్యాపు ఈ భ్రమను పెంచింది. అది కరగని పాదలేపం. దారి అడగవలసిన పని లేదు, నోరు తెరవవలసిన పని లేదు. మన ఉపాధ్యాయుడి ఫోను సాయంత్రానికి చార్జింగు అయిపోయి ఆగిందనుకుందాం. అప్పుడతడు దారిపక్క తోపుడుబండి దగ్గర ఆగి, తడబడే ఇంగ్లీషులో పెన్ స్టేషను ఎటని అడగక తప్పదు. న్యూయార్కు వీధులలో తినుబండారాలు అమ్మేవారిలో అత్యధికులు వలసవచ్చినవారే. అంటే దారి చెప్పే మనిషి కూడా ఒకనాడు దారి అడిగినవాడే. ఉదయం నుంచి ఆ బండ్లన్నీ అతడికి వీధిదృశ్యంలో భాగం. అడిగిన క్షణంలో ఒక బండి వెనుక మనిషి నిలబడ్డాడు. తనకొక అవసరం ఉందని ఒప్పుకున్న తరువాతనే అతడు ఆ నగరంలో ఒకరికి ఎదురుగా నిలిచాడు. ఇక్కడ ఏర్పడిన బాకీని ఆ బండివాడికి డబ్బుతో తీర్చలేడు. మళ్ళీ అతణ్ణి కలిసే అవకాశమూ లేదు.

మరి ఎక్కడ తీర్చాలి? ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795 నాటి శాశ్వతశాంతి వ్యాసంలో పరదేశికి ఉన్నది అతిథిహక్కు కాదని, సందర్శనహక్కు మాత్రమేనని వేరుచేశాడు. భూమి గోళం కనుక మనుషులు అంతులేకుండా దూరం జరగలేరు, ఒకరినొకరు ఓర్చుకోక తప్పదు. వచ్చినవాణ్ణి, వచ్చాడన్న ఒక్క కారణంతో శత్రువుగా చూడరాదు అన్నది ఆయన వాదం. హక్కు అన్న తరువాత అది అవతలివాడికీ ఉండాలి. అప్పుడు ప్రశ్న న్యూయార్కు నుంచి తిరిగి దామరచర్లకు వస్తుంది. ఆ మండలంలోని వీర్లపాలెం వద్ద 2015లో శంకుస్థాపన జరిగిన యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం అయిదు యూనిట్లతో 4000 మెగావాట్ల సామర్థ్యానికి ఉద్దేశించినది. దాని నిర్మాణానికి ఇతర రాష్ట్రాల కార్మికులు వచ్చారు. పక్కనే మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బిహారు హమాలీలు బస్తాలు మోస్తున్నారు. సెలవు దొరికినపూట వారిలో ఒకడు శుభ్రమైన చొక్కా తొడుక్కుని సెంటర్లో అటూ ఇటూ నడుస్తాడు, సంగమం చూసివద్దామని వాడపల్లి ఆటో ఎక్కుతాడు. భాష తెలియదు, తోడు లేదు. తన ఊరితో పోలిస్తే ఇది అతడికి పరదేశమే. కాని అతడు చేస్తున్నదాన్ని సందర్శన అని మన భాషలో ఎవరూ అనరు. 'తిరుగుతున్నాడు' అంటారు. ఆ మాటలో కొంత అనుమానం కూడా కలుస్తుంది. ఒకే పనికి రెండు పేర్లు ఉండడంలో, ఎవరి చూపుకు గౌరవం ఉంది, ఎవరి చూపుకు లేదు అన్న తీర్పు దాగి ఉంది. న్యూయార్కులో తనను ఎవరూ ఆపలేదని మురిసిన ఉపాధ్యాయుడు, తన ఊరి సెంటర్లో ఈ హమాలీని ఎవరైనా ఆపి ఆరాతీస్తుంటే ఏమి చేస్తాడన్నదాన్ని బట్టి అతడి ప్రయాణానికి విలువ కట్టవలసి ఉంటుంది.

వచ్చిపోయేవాడి జాడ ఉన్నచోటి మీద మిగులుతుందన్న ఎరుక వాడపల్లి స్థలపురాణంలోనే ఉంది. బోయవాడు తరిమిన పక్షి అక్కడి అగస్త్యేశ్వరుణ్ణి శరణుకోరింది. తన ఆహారం తనకు కావాలని బోయ పట్టుబడితే, శివుడు తన తలనుంచే మాంసం తీసుకొమ్మన్నాడట. లింగంమీద కనిపించే గుర్తులు ఆ బోయవాడి వేళ్ళవని, పైనున్న గుంటలోని నీరు ఆ గాయం నుంచి ఊరుతున్నదని చెబుతారు. కథలో పక్షి ఎగిరిపోయింది, బోయ వెళ్ళిపోయాడు. గాయం ఆశ్రయమిచ్చినవాడి దగ్గర ఉంది.

ప్రవరుడి కథను ఈ వెలుగులో మళ్ళీ చూస్తే అతడు ఇల్లు చేరిన తీరు గమనించదగినది. దారి అడిగింది వరూధినిని. దారి చూపింది అతడి ఇంటి అగ్నిదేవుడు. అంటే ఆ కొండకు ఏమీ బాకీపడకుండానే అతడు బయటపడ్డాడు. అతడి నిగ్రహాన్ని మెచ్చుకోవడంలో అభ్యంతరం లేదు. కాని కావ్యం అతడితోపాటు అరుణాస్పదపురానికి వెళ్ళిపోలేదు, వరూధిని దగ్గరే ఆగింది. ఆమె విరహం, ప్రవరుడి రూపం ధరించి వచ్చిన గంధర్వుడి మోసం, ఆ కలయికవల్ల స్వరోచి జననం, స్వరోచికి కొడుకుగా స్వారోచిషమనువు పుట్టడం వరుసగా జరిగాయి. కావ్యానికి పేరు తెచ్చిన ఆ మనువు పుట్టుకకు తన ఒక్కపూట కొండ సందర్శన మూలమని ప్రవరుడికి ఎప్పుడైనా తెలిసిందో లేదో పెద్దన చెప్పలేదు.