అసలు తరుగని జీవనము

శ్రావకునకు జీవనోపాధిని ఎన్నుకొనుటలో పూర్తి స్వేచ్ఛ లేదు. అధిక హింసకు కారణమగు పదునైదు వృత్తులను పూర్వాచార్యులు కర్మాదానములని పేర్కొని, వాటిని విడువవలెనని ఉపదేశించిరి. ఆ పట్టికలో మొదటిది అంగార కర్మ. బొగ్గు కాల్చుట, బట్టీలు పెట్టి నిప్పు వలన జీవించుట దాని అర్థము. రెండవది వనకర్మ, అనగా అడవులు నరికి అమ్ముకొనుట. భూమిని త్రవ్వి, పగులగొట్టి బ్రతుకు స్ఫోటకర్మయు అందులోనిదే. పన్నెండవ శతాబ్దమున హేమచంద్రాచార్యులు తమ యోగశాస్త్రములో వీటిని వివరించి యున్నారు.

ఇక చంద్రపూర్ పట్టణములోని లాల్‌పేట్‌ను చూడుడు. అక్కడి నేల క్రింద ఉన్నది బొగ్గు. ఆ పేట పేరే గని పేరును. తెలంగాణ జిల్లాల నుండి గనిపనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున అనేకము. 1973లో బొగ్గుగనులు జాతీయమైనవి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఏర్పడినది. పట్టణమునకు చేరువనే గొప్ప విద్యుత్ కేంద్రము కలదు. రెండు పాత యూనిట్లను మూసివేసిన తరువాత కూడ దాని సామర్థ్యము 2920 మెగావాట్లు. పదుల మైళ్ళ దూరము పోనక్కరలేదు, భద్రావతిలో పార్శ్వనాథ స్వామి తీర్థము వెలసి యున్నది. అంగార కర్మను వలదన్న తీర్థంకరుల సన్నిధియు, అంగారముతో నడచు ఊరును ఇట్లు ఒకే జిల్లాలో ఇమిడి యున్నవి.

ఇటువంటి ఊరిలో బియ్యమో, బట్టలో అమ్ముకొను వర్తకుడు గునపము పట్టడు, గని దిగడు. కాని అతని గల్లాపెట్టెలో పడు రూపాయి బొగ్గు జీతము నుండి వచ్చినదే. మన ధర్మము కర్మను మూడు విధములుగ లెక్కించును: తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఇతరులు చేయగా సమ్మతించినది. దుకాణములో దీపము వెలిగించుకొను ప్రతివాడును ఈ మూడవ పద్దులోనికి వచ్చును. ఆ దీపము ముంబయిలో వెలిగినను, హైదరాబాదులో వెలిగినను లెక్క ఒకటే. అయినచో గనులన్నియు రేపే మూయుడని చెప్పవచ్చునా? మూసిన దినమున కూలివాని పొయ్యి ఆరిపోయిన యెడల, అది హింస కాదా? శాస్త్రము చదివినంత మాత్రమున తీరు సందేహము కాదిది. లోకస్థితియు తెలియవలెను.

ఈ లోకస్థితిని తెలిసికొనుటకై విశ్వవిద్యాలయములలో ఒక క్రొత్త చదువు నెలకొనినది. ప్రకృతి శాస్త్రములను, సాంఘిక శాస్త్రములను కలిపి, మానవుడు ఈ భూమిపై చిరకాలము నిలుచు విధముగ బ్రతుకుట ఎట్లో విచారించు చదువు అది. మన దేశమున ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము 1974లోనే పర్యావరణ శాస్త్రములకు ప్రత్యేక విభాగము నెలకొల్పినది. 1987లో బ్రంట్‌లాండ్ సంఘము వారి నివేదిక, రాబోవు తరముల అవసరములకు భంగము లేకుండ నేటి అవసరములు తీర్చుకొనవలెనని చెప్పి, ఈ భావమును లోకమున వ్యాపింపజేసినది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయము 1997లో ఈ విషయమున ఎం.ఎస్.సి. తరగతులు ప్రారంభించినది. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయము 2006లో ఇందుకొక కళాశాలనే స్థాపించినది. మన సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను పాఠశాలలందును, కళాశాలలందును బోధింపవలెనని ఆదేశించినది. 2003లో ఆ ఆదేశమును మరల గట్టిగా చెప్పిన తరువాత, డిగ్రీ విద్యార్థులందరకు అది తప్పనిసరి పాఠమైనది. 2011లో గడ్చిరోలి కేంద్రముగా గోండ్వానా విశ్వవిద్యాలయము ఏర్పడి, చంద్రపూర్ జిల్లా దాని పరిధిలోనికి వచ్చినది. కావున లాల్‌పేట్ బిడ్డకు విశ్వవిద్యాలయ విద్య పూర్వమంత దూరపు మాట కాదు.

ఈ చదువునకు మూలమైన భావము గనుల దేశముననే పుట్టినదనుట గమనింపదగినది. జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున కార్లోవిట్జ్ అను నతడు గనుల శాఖాధికారి. వెండి గనులకును, లోహము కరిగించు కొలుములకును కలప చాలక, అడవులు హరించిపోవుచుండెను. అతడు 1713లో అటవీ పోషణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, ఎంత పెరుగునో అంతయే నరుకవలెనని బోధించెను. వర్తకునకు ఈ మాట వెంటనే అర్థమగును. అసలును ముట్టుకొనక వడ్డీతో ఇల్లు గడుపుకొనుటయే అది.

కాని బొగ్గు విషయమున ఈ సూత్రము తలక్రిందులగును. అడవి ఏటేటా పెరుగును, బొగ్గు పెరుగదు. వార్ధా లోయలోని బొగ్గును, గోదావరి లోయలోని సింగరేణి బొగ్గును, రెండును గోండ్వానా శిలలలోనివే. వాటికి 25 కోట్ల ఏండ్లకు మించిన వయస్సు. ఆ గోండ్వానా అను పేరు కూడ గోండుల దేశమును బట్టి వచ్చినదే. ఆ నిధిలో వడ్డీ యనునది లేదు, అంతయు అసలే. అట్టి అసలును తీసి తినుచున్న ఊరికి న్యాయమైన మార్గము ఒక్కటే కనబడుచున్నది. తీసిన దానిని మరియొక అసలుగా మార్చి బిడ్డలకు అప్పగింపవలెను. మంచి చదువు, శుభ్రమైన నీరు, పెరిగిన చెట్టు, ఆరోగ్యమైన శరీరము, బొగ్గు లేకుండ నడచు వృత్తులు, ఇవి ఆ రెండవ అసలు. 2015లో గనుల చట్టమును సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఏర్పరచుట ఈ దారిలో వేసిన అడుగే. ఆ సొమ్ము నిజముగ రెండవ అసలు అగుచున్నదా, లేక నిత్య ఖర్చులలో కరిగిపోవుచున్నదా అని లెక్క చూడవలసినవాడు ఎవడు? భూగర్భ శాస్త్రజ్ఞుడు గనిలో మిగిలిన బొగ్గును చెప్పగలడు. ఆర్థిక శాస్త్రజ్ఞుడు నిధిలోని రూపాయిలను చెప్పగలడు. ఇద్దరి లెక్కలను ఒక పుటలో చేర్చి చూచువాడు మూడవవాడు కావలెను.

లెక్కలు విడివిడిగా ఉన్నప్పుడు కలుగు లోపమునకు చంద్రపూర్‌లోనే నిదర్శనమున్నది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి, చంద్రపూర్‌కు నూటికి 83.88 సూచిక నిచ్చినది. దేశమున అది నాల్గవ స్థానము. మరుసటి జనవరిలో అట్టి ప్రాంతములలో క్రొత్త పరిశ్రమలకు అనుమతులు కొంతకాలము నిలిపిరి. ఊరి గాలి, నీరు, నేల ఎంత చెడినవో ఆ అంకె చెప్పినది. ఆ గాలిని ఎక్కువగా పీల్చువారు ఎవరు, వారికి వేరు పని ఎక్కడ దొరకును, ఊరు విడిచి పోగల స్తోమత ఎవరికున్నది అను ప్రశ్నలకు ఆ ఒక్క అంకెలో సమాధానము లేదు. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుండి 40 వంతులు బూడిదయే యనుట రసాయన శాస్త్రము. ఆ బూడిద ఎవరి వాకిట పడుననుట సాంఘిక శాస్త్రము.

పులుల సంగతియు ఇట్టిదే. తాడోబా 1955లో జాతీయవనమైనది. 1995లో తాడోబా అంధారీ పులుల అభయారణ్యము ఏర్పడినది. పులులు వృద్ధి చెందుట జీవదయ గలవారికి ఆనందకరమే. కాని గనుల నుండి తీసి పోసిన మట్టిగుట్టలపై తుమ్మ పొదలు దట్టముగా పెరిగి, పులులకును, చిరుతలకును తావులైనవి. మనుష్యుల ఇండ్లు వాటికి చేరువనే యున్నవి. జీవశాస్త్రజ్ఞుడు పులులను లెక్కించును. వేకువను కట్టెలకును, ఇప్పపువ్వునకును అడవిలోనికి పోవు స్త్రీ ఎవరు, ఆమె ఎందుకు పోవుచున్నది, గ్యాసు బండ కొనుటకు ఆమె చేత రూపాయి ఉన్నదా అని విచారించువాడు వేరొకడు. వీరిరువురు మాటాడుకొననిచో, పులినో మనిషినో బలియిచ్చు పరిష్కారమే దొరకును.

జైనునకు ఇది వింత విషయము కాదు. వస్తువును ఒక వైపు నుండి చూచు చూపును నయమనిరి. సర్వాంశములను కూర్చిన జ్ఞానమును ప్రమాణమనిరి. ఒక నయమునే పట్టుకొని ఇదియే సత్యమనుట ఏకాంతము. ఆ దోషమునకు మందు అనేకాంతము. జీవులు ఒకదానికొకటి తోడ్పడుచు నిలుచునని తత్త్వార్థసూత్రము తెలుపుచున్నది. మట్టి, నీరు, నిప్పు, గాలి, చెట్టు అను ఏకేంద్రియ జీవులను కూడ మన లెక్కలో చేర్చిరి. విద్యాలయములు నేడు శ్రమపడి కలుపుచున్న రెండు శాస్త్రములను మన పెద్దలు మొదటినుండియు విడదీయలేదు.

అయితే ఇచ్చట ఒక ఆక్షేపణకు తావున్నది. అన్ని ప్రక్కలను చూచినవాడు ఏ ప్రక్కను నిలువలేడు గదా, గనియు సరియే, పులియు సరియే, కూలియు సరియే యని చేతులు ముడుచుకొని కూర్చుండునేమో యని కొందరందురు. ఈ భయము నిరాధారము కాదు. బాగుగా చదివినవారు సమస్యను నలువది పుటలలో వర్ణించి, చేయవలసిన పని దగ్గర మౌనము వహించుట లోకమున కలదు. కాని ఇది అనేకాంతము నేర్పిన పాఠము కాదు. చిట్టాలోని పద్దులన్నియు ఆవర్జాకు ఎక్కించునది సాలు చివర నిల్వ తేల్చుటకే. పద్దులు పెక్కు గలవని చెప్పి నిల్వ తేల్చని గుమాస్తాను ఏ వర్తకుడును ఉంచుకొనడు. ప్రక్కలన్నియు చూచుట తీర్పును వాయిదా వేయుటకు కాదు, తీర్పు చెప్పునప్పుడు ఎవరి కష్టమును లెక్కనుండి జారిపోకుండుటకు.

అందుచేతనే మోక్షమార్గమున జ్ఞానమొక్కటియే చాలునని జినులు చెప్పలేదు. సమ్యగ్దర్శనము, సమ్యగ్జ్ఞానము, సమ్యక్చారిత్రము మూడును కలిసినప్పుడే రత్నత్రయమగును. విశ్వవిద్యాలయము ఈ మూడింటిలో మధ్యదానిని ఇయ్యగలదు. మొదటిదియు, చివరిదియు ఇల్లును, సంఘమును ఇయ్యవలెను. పర్యావరణ పాఠమును పరీక్ష ముందు రాత్రి కంఠస్థము చేసి, మరునాడు మరచు విద్యార్థిని నిందించుటకు ముందు, ఆ పాఠము అతని ఇంట ఎక్కడైనను ఆచరణలో కనబడినదా యని అడుగవలెను. వివాహములలో పారవేయు భోజనము, పట్టపగలు వెలుగు దీపాల తోరణములు, అక్కరలేని చోట నడచు యంత్రములు, ఇవి అనర్థదండము క్రిందికి వచ్చును. ప్రయోజనము లేని హింసను విడుచుట గృహస్థుని వ్రతములలోనిదే. పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టిన గృహస్థుడు తన కరెంటు బిల్లునకు కూడ ఒక హద్దు ఏర్పరచుకొనినచో, ఆ హద్దు మేరకు చంద్రపూర్‌లో బూడిద తగ్గును. ఒక్క ఇంటి వలన తగ్గునది చిన్న పాలే. కాని సమ్మతించిన పాపమున ఆ ఇంటి వాటా ఆ మేరకు తీరినదగును.

సంఘము చేయదగిన పనియు కలదు. మన విద్యానిధులు వైద్యమునకు, ఇంజనీరింగునకు, లెక్కల పరీక్షలకు తోడ్పడుచున్నవి. అది మంచిదే. ఈ క్రొత్త చదువునకు కూడ ఏటా ఒకరిద్దరికి సాయము చేయవలెను. అందు గనిపనివాని బిడ్డకు మొదటి తావు ఇయ్యవలెను. అతడు జైనుడు కానక్కరలేదు. గని క్రింద తండ్రి పీల్చిన ధూళిని ఎరిగినవాడు, ప్రయోగశాలలో దానిని తూచుట నేర్చినప్పుడు, రెండు లెక్కలును ఒకే చేతిలోనికి వచ్చును. గని మూతపడు రోజున ఆ ఊరికి ఏమి కావలెనో చెప్పుటకు అతనికి మించిన అర్హుడు ఉండడు. ఒక గని ఎన్నేండ్లు నడచినను, ఒకనాడు మూతపడక తప్పదు. ఆ దినమునకు ముందే మనుష్యులను సిద్ధపరచుట దానములలో గొప్ప దానము.

పర్యూషణ పర్వమున సర్వ జీవులను క్షమాపణ కోరుట మన ఆచారము. ఆ వేళ పృథ్వీకాయ జీవులను తలచుకొనునప్పుడు, వాటితో కూడ గనిలో దిగు మనుష్యుని, పొదలో దాగిన పులిని, బూడిద పడిన ఇరై నది నీటిని కూడ తలచుకొందురు గాక. పిమ్మట ఇంటికి పోయి, అక్కరలేని దీపమును ఒకదానిని ఆర్పుదురు గాక.