వాద్యకైంకర్యము – సంభావన

భగవత్సన్నిధిలో వాద్యము వాయించువాడు అందుకు ధనము స్వీకరింపవచ్చునా? ప్రశ్న పాతది. నేను దీనిని మొదట ఎదుర్కొన్నది గ్రంథములలో కాదు. జగిత్యాల ప్రాంతమున సారంగాపూర్ చేరువనున్న ఒక పల్లెలో, రామాలయపు అరుగుపై. శ్రీరామనవమి కల్యాణము ముగిసి, సాయంకాలము కచేరి జరిగినది. పాడినవారు ఆ చుట్టుపట్ల వారే. ఫిడేలు విద్వాంసుడు మాత్రము దూరపు పట్టణమునుండి రెండు బస్సులు మారి వచ్చినవాడు. రెండున్నర గంటలు వాయించెను. పిదప నిర్వాహకులలో ఒకరు శాలువ కప్పి, కొబ్బరికాయ, తాంబూలము చేతికిచ్చి, "స్వామివారి సేవ గదా అయ్యా, దీనికి మేము వెల కట్టగలమా?" అని నమస్కరించిరి. విద్వాంసుడు కన్నుల కద్దుకొని స్వీకరించెను. ఆ రాత్రి చివరి బస్సు కొరకు నిలిచియున్నప్పుడు ఆయన జేబులోని చిల్లర లెక్కించుకొనుట చూచితిని. పందిరి వేసినవానికి, మైకు పెట్టినవానికి, వంటవానికి ఆ దినముననే డబ్బు చెల్లినది.

నిర్వాహకుడు పలికిన మాట అసత్యమని నేననను. స్వామి సేవకు వెల లేదు. అయినను ఆ మాట అనవలసినవాడు విద్వాంసుడే గాని, ఆయనను పిలిపించినవారు కాదు గదా!

వరాహపురాణాంతర్గతమైన కైశిక మాహాత్మ్యమును మన వైష్ణవ గృహములలో ఎరుగనివారు అరుదు. తిరుక్కురుంగుడి స్వామిని రాత్రులందు మేల్కొని గానముచే సేవించు భక్తుడు నంబాడువాన్. కార్తిక శుద్ధ ఏకాదశినాటి రాత్రి ఆలయమునకు పోవుచుండగా బ్రహ్మరాక్షసుడు అడ్డగించి భక్షింపబూనెను. పాడి తిరిగివత్తునని శపథములు చేసి నంబాడువాన్ వెడలెను, పాడెను, చెప్పినట్లు తిరిగి వచ్చెను. అప్పుడు రాక్షసుడు ఆకలి మరచి, నీ గానఫలము నాకిమ్ము, నిన్ను విడిచెదనని వేడుకొనెను. తన ప్రాణమునకు మారుగా సైతము నంబాడువాన్ ఆ ఫలమునిచ్చుటకు ఒప్పుకొనలేదు. తుదకు రాక్షసుని దైన్యమునకు కరగి, కైశిక రాగమున పాడిన ఒక్క పాట ఫలమును ధారపోసెను. వానికి శాపవిమోచనమైనది. తిరుమలలో నేటికిని కైశిక ద్వాదశినాడు సూర్యోదయమునకు ముందే ఉగ్ర శ్రీనివాసమూర్తికి ఊరేగింపు జరుగును. ఆ మూర్తి వెలుపలికి వేంచేయునది సంవత్సరమున ఆ ఒక్కనాడే.

ఈ కథలో నాకు తోచిన సూక్ష్మమొకటి కలదు. నంబాడువాన్ విక్రయింపనిది గానఫలమును. ఆ ఫలము దయచే దానము కావచ్చును గాని బేరమునకు రాదు. అయితే మనము విద్వాంసునకిచ్చు సంభావన ఆ ఫలమునకు మూల్యమా? కాదు. ఆయన ప్రయాణమునకు, తెగిన తంత్రులకు, చిన్ననాటి నుండి చేసిన సాధనకు, ఇంటిలోని పిల్లల అన్నమునకు అది మన వంతు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటచేతనే, ఇచ్చువారు ఇవ్వకుండుటను భక్తి యనుకొనుచున్నారు. పుచ్చుకొనువారు పుచ్చుకొనుటను పాపమని కుములుచున్నారు.

పూర్వులు ఈ పొరపాటు చేయలేదు. తంజావూరి బృహదీశ్వరాలయమునకు రాజరాజచోళుడు నియమించిన నాట్యకత్తెలు నన్నూరుమంది. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, సంవత్సరమునకు నూరు కలముల ధాన్యము వచ్చు భాగము ఏర్పరచినట్లు ఆ గోడలపై శాసనమున్నది. వాద్యకారులకును అట్లే భాగములుండెడివి. మన పల్లెలలోను మేళమువారికి మాన్యములుండెడివి. ఇనాముల రద్దు చట్టములు 1950 దశకమున వచ్చిన పిదప ఆ ఏర్పాటు క్రమముగా సడలినది. ఆ మార్పు మంచిచెడ్డలు వేరు విషయము. మాన్యము పోయిన పిమ్మటను సేవ మాత్రము వెనుకటివలెనే జరుగవలెనని కోరుట ఎట్లు న్యాయమగును?

త్యాగరాజస్వామి రాజాశ్రయమును తిరస్కరింపలేదా యని ఇచట ఒకరు అడుగుదురు. తిరస్కరించిరి. కాని ఆయన ఉంఛవృత్తి చేసి జీవించిరని మరువరాదు. ఉంఛవృత్తి యనగా, వీధిలో పాడుచు వచ్చిన భాగవతునకు ప్రతి గృహిణియు గుప్పెడు బియ్యము పోయుట. రాజును కాదన్న ఆ మహనీయుని తిరువయ్యారు గృహస్థులు పోషించిరి. ఆయన త్యాగమును పొగడు మనము ఆ గృహిణుల చేతిని తలచుకొనము. ఇక ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో విజయనగరపు మహారాజావారి సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. చూపు మందగించిన ఆ మహానుభావుడు జీతము పుచ్చుకొనుచు శిష్యులకు విద్య చెప్పిరి. అందువలన ఆయన నాదములోని మాధుర్యము తగ్గినదని ఎవరును అనలేదు.

సారంగాపూర్ అనగానే నాకు లోకసారంగముని జ్ఞప్తికి వచ్చును. ఊరిపేరునకు ఆయనతో సంబంధము కల్పించుట నా ఉద్దేశము కాదు. కావేరి యొడ్డున వీణ పట్టి పాడుచున్న తిరుప్పాణాళ్వారుపై రాయి విసరినవాడు ఆయనయే. రంగనాథుని ఆజ్ఞచే ఆ పాణుని భుజములపై మోసికొని గర్భాలయమునకు తెచ్చినవాడును ఆయనయే. భగవత్కైంకర్యముకంటె భాగవత కైంకర్యము ఎక్కువయని మన పెద్దలు చెప్పుట వట్టి మాట కాదు. విద్వాంసుని మోయుమని నేడు ఎవరు అడుగుచున్నారు? బస్సు చార్జీ ఇచ్చిన చాలును.

విద్వాంసులతోను కొన్ని మాటలు చెప్పవలసియున్నది. సంభావన మాట ముందే, ఉత్తరములోనే, వినయముగా స్పష్టపరచుకొనుడు. మండపమున కూర్చున్న పిమ్మట ఆ తలపు రానీయకుడు. తక్కువకు ఒప్పుకొన్నచో ఒప్పుకొన్నదే. పల్లవిలో ఆ కొరత తీర్చుకొనరాదు. ఉచితముగా వాయింపదలచిన నాడు నిండు మనసుతో వాయింపుడు, కాని అది మీ నిర్ణయమై యుండవలెను. పదిమంది వృద్ధులున్న సభకును, వేయిమంది యున్న బ్రహ్మోత్సవమునకును శ్రుతి ఒక్కటే.

ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్యుల వద్ద దానిని నేర్చి మన సంగీతమునకు తెచ్చెను. మనవారు దానిని నేలపై కూర్చుండి, కుడికాలి మడమపై ఆనించి వాయింప నేర్చిరి. ఆ ఆసనమున ఎడమభుజము, మెడ, వ్రేళ్ళు ఎంత శ్రమించునో శ్రోతకు తెలియదు. నొప్పిని సహించుట తపస్సనుకొని సాధన సాగించువారున్నారు, అది పొరపాటు. నొప్పి కలిగినపుడు ఆపవలెను. ఆ చేయి మీదే గాదు, శేషియైన ఆ స్వామిది. శేషభూతుడు స్వామి సొత్తును పాడుచేయవచ్చునా?

చైత్రమాసపు ఎండలో, బయటి పందిళ్ళలో కొయ్య ఎండి బిరడలు జారుచుండును. వానకాలమున ఉబ్బి బిగియును. కొంచెము సుద్దపొడి వెంటనుంచుకొనుడు. కచేరి కాగానే కమాను వెండ్రుకలను వదులు చేయుడు. అన్నిటికంటె ముఖ్యము, పాడు కీర్తన సాహిత్యము తెలిసికొనుడు. స్వామి నామము నడుమ కమాను తిరిగినచో మాట ముక్కలగును. గాయకుని వెన్నంటి నడచి, ఆయన ఊపిరి తీసికొను చోట నాదము నిలుపుట పక్కవాద్యము పని. శేషత్వమనగా నేమో నాకు వేదాంత గోష్ఠులలో కంటె అచటనే బాగుగా బోధపడినది.

కొన్నియేండ్లకు ఆ పల్లెకే మరల నవమికి పోతిని. ఆ విద్వాంసునే పిలిచిరి. కమిటీ పంపిన ఉత్తరములో సంభావన ఇంతయని, రాకపోకల ఖర్చు వేరని వ్రాసియుండెనట. కవరు ముందే ఇచ్చిరి. కొబ్బరికాయ పిదప ఇచ్చిరి. ఆ రాత్రి కచేరి మునుపటికంటె గొప్పగా నుండెనని చెప్పను, ఎప్పటివలెనే యుండెను. బస్సు తప్పిపోగా ఆయన అర్చకస్వామి ఇంట పరుండెను. తెల్లవారి నేను అటు పోవునప్పటికి, ఆ ఇంటి పదేండ్ల పాపను ఎదుట కూర్చుండబెట్టుకొని, బిరడకు సుద్దపొడి ఎంత పూయవలెనో చూపుచుండెను.