ప్రాణమునకు తగిన కాయకము



పాల ఉబ్బసము పెద్దయిన పిమ్మట పోవునని మన ఇండ్లలో వృద్ధులు ధైర్యము చెప్పుచుందురు. ఆ మాట చాలమంది విషయమున నిజమే అగుచున్నది. పదునాలుగు, పదునైదేండ్లు వచ్చునప్పటికి పిల్లికూతలు ఆగును. పిల్లవాడు పరుగెత్తును, చెరువులో ఈదును. తల్లి కషాయపు గిన్నెను అటకపై పెట్టి మరచిపోవును. అయితే వ్యాధి అణగినంత మాత్రమున ఊపిరి గొట్టముల సున్నితత్వము పోయినదని చెప్పుటకు వీలులేదు. పలువురిలో అది నివురుగప్పిన నిప్పువలె లోపల నుండును. ముప్పదియవ యేటనో నలుబదియవ యేటనో, ఒక జలుబు తరువాత గాని క్రొత్త ఊరి దుమ్మువలన గాని మరల రాజుకొనును. అప్పటికి ఆ పిల్లవాడు గృహస్థు, ఉద్యోగి. అతని జీతముపై నలుగురైదుగురు ఆధారపడి యుందురు. చిన్ననాడు అతని ఆయాసమునకు తల్లి మేలుకొనెడిది. ఇప్పుడు అతడొక్కడే మేలుకొనును. తెల్లవారిన పిమ్మట ఆ సంగతి ఎవరికిని చెప్పడు.

ఈ చెప్పకపోవుటయే విచారింపదగిన విషయము.

ఆదిలాబాదు ప్రాంతమున ఒక పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు వ్రాయు గుమాస్తాను తలచుకొనుడు. పేరు ఏదైనను కావచ్చును. ఇట్టివారు ఊరూర నున్నారు. దసరా దాటగనే పత్తి రాక మొదలగును. తెలంగాణమున చలి మిక్కుటముగా పడు సీమ అదియే. చలిగాలి, పత్తి నూగు, లారీల పొగ మూడును ఒకే ఋతువున కూడును. రాత్రి మూడు గంటలకు గుమాస్తా లేచి, మంచముపై ముందునకు వంగి, మోకాళ్ళపై చేతులూని కూర్చుండును. ఉదయమున ఏమియు జరుగనట్లు మిల్లునకు పోవును. మెట్లెక్కునప్పుడు దమ్ము చాలకున్నచో ఫోను చూచుకొనుచున్నట్లు నిలుచును. జేబులోని ఇన్‌హేలరును మరుగుదొడ్డిలోనికి పోయి పీల్చును. యజమాని కంటబడినచో రోగిష్ఠియని పనినుండి తీసివేయునని ఒక భయము. ఇంట చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు; ‘ఆ వంశమున ఉబ్బసమున్నది’ అను మాట పుట్టునని మరియొక భయము. ఇంత దాచి, ఇంత ఓర్చి, ఇదియే తన కాయకనిష్ఠయని అతడు తలంచును.

ఇది కాయకనిష్ఠ యగునా?

బసవేశ్వరుడు కొలువు ఎరుగనివాడు కాడు. మంగళవాడలో లెక్కలు వ్రాయు కరణముగా ప్రవేశించి, బిజ్జలుని భాండాగారమునకు అధిపతి యయ్యెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. నెల తిరుగగనే జీతము కొరకు ఎదురుచూచు ఇండ్ల కష్టము ఆయనకు తెలియును. కావుననే కాయకమును పూజతో సమానము చేసెను. కాని ఆ మహనీయుని కాలముననే కాయకమునకు ఒక కొలతయు ఏర్పడినది. ఆయ్దక్కి మారయ్య కథ మనవారెరుగనిది కాదు. ఏరుకొన్న బియ్యము అని ఆ పేరునకు కన్నడమున అర్థము. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి, దానితో దాసోహము నడపుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య శివానుభవ గోష్ఠిలో మైమరచి కాయకమును మరువగా లక్కమ్మ హెచ్చరించి పంపినది. మరియొకనాడు అతడు వాడుకకన్న ఎక్కువ బియ్యము తెచ్చినప్పుడును ఆమె ఊరకుండలేదు. మిగిలినది మరల అక్కడనే చల్లి రమ్మన్నది.

మొదటి హెచ్చరికను మనము పదిమందికి చెప్పుదుము, రెండవదానిని మరతుము. పని మానుట ఎట్లు తప్పో, అలవి మీరి తెచ్చుటయు అట్లే తప్పని ఆ తల్లి తీర్పు. ఊపిరియు ఆ బియ్యము వంటిదే. గుమాస్తా తనకు లేని ఊపిరిని ఉన్నట్లు చూపి, దుమ్ములో మరి రెండు గంటలు నిలిచి చేయు పనిని లక్కమ్మ ఒప్పుకొనదు.

దేహమే దేవాలయమని నమ్మిన మతము మనది. గోడ బీటవారినదని గుడిని విడుచు పూజారి లేడు. బీట కనబడకుండ సున్నము పూసి ఊరకుండువాడు మాత్రము కలడు. ఉబ్బసమున గొట్టముల లోపలి పొర వాచి యుండును. ఆ వాపువలననే దుమ్మో చలియో తగిలినప్పుడు చుట్టునున్న కండరములు బిగిసికొనును, కఫము చేరును. వెంటనే ఉపశమనమిచ్చు పీల్పు మందు కండరములను సడలించును గాని వాపును తీయలేదు. అది సున్నము పూయుట. వాపును తగ్గించునది స్టెరాయిడు కలిసిన నిరోధకపు మందు. దానిని వైద్యుడు చెప్పినట్లు, ఆయాసము లేని దినములలోను పీల్చవలెను. ఉబ్బస చికిత్సకు మార్గసూత్రములు వెలువరించు ‘జీనా’ అను అంతర్జాతీయ సంస్థ 2019లో, పెద్దలు కేవలము ఉపశమన మందుపైననే ఆధారపడరాదని స్పష్టము చేసినది. మరుగుదొడ్డిలో దాగి పీల్చు గుమాస్తా చేయుచున్నది సరిగా అదియే.

ఇన్‌హేలరు అలవాటు పడినచో వదలదనియు, అది చివరి దశకు ఇచ్చు మందనియు మనలో చదువుకొన్నవారు సైతము అనుచుందురు. ఇది ఉత్త మాట. మాత్రలోని స్టెరాయిడు మిల్లీగ్రాములలో నుండి ఒడలెల్ల ప్రాకును. పీల్చునది మైక్రోగ్రాములలో, అనగా అందు వెయ్యవ వంతుల లెక్కలో నుండి నేరుగా ఊపిరితిత్తులకు చేరును. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమ్మిన చాలును. కళ్ళజోడు పెట్టుకొన్నవానిని ఎవరును అలవాటు పడినాడని అనరు గదా!

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చు చేప ప్రసాదమునకు వేలాదిమంది పోవుదురు. శాకాహారులకు అదే ముద్దను బెల్లములో పెట్టి యిత్తురు కనుక మనవారును పోవుచున్నారు. విశ్వాసమును ఎగతాళి చేయనక్కరలేదు. కాని దానివలన ఉబ్బసము కుదురునని శాస్త్రీయముగా రుజువు కాలేదు. పోయి వచ్చిన నాటినుండి పీల్పు మందు మానివేయుట ప్రాణాపాయము. ఒక్క ఊపిరిలో ఒక వాక్యము పూర్తిగా పలుకలేనప్పుడు, పెదవులు నీలి రంగునకు తిరిగినప్పుడు, ఉపశమన మందు పీల్చినను తెరపి రానప్పుడు, తెల్లవారనిమ్మని కూర్చుండరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను.

పూజామందిరము విషయము కూడ చెప్పవలసి యున్నది. ఇష్టలింగపూజకు అరచేయి చాలును. అగరువత్తులు, సాంబ్రాణి పొగ, కర్పూరము అందముకొరకు చేరినవే కాని వానివలన లింగము లింగమగుట లేదు. తలుపులు మూసి గదినిండ పొగ వేసి, దగ్గుచు పూజ చేయుటను తపస్సని కొందరు భావింతురు. షట్‌స్థలములలో ప్రాణలింగి స్థలమొకటి యున్నదని తెలిసినవారు ప్రాణవాయువును అడ్డగించి పూజ చేయుదురా? జల్లెడతో విభూతిని పట్టునప్పుడు సైతము ఉబ్బసమున్నవానిని ఆ పనికి పెట్టరాదు.

ఇక యజమానులు. మన సమాజమున మిల్లులు, కొట్లు, విద్యాసంస్థలు నడపువారు తక్కువమంది కారు. సెలవు దినములలో తగ్గి, పనిదినములలో పెరుగు ఆయాసమునకు పనిచోటుతో సంబంధము కలదని వైద్యులు అనుమానింతురు. అట్టి గుమాస్తా వచ్చి నోరు విప్పినప్పుడు అతని బల్లను పత్తి గుట్టల ప్రక్కనుండి తీసి లోపలి గదిలో వేయించుటకు యజమానికయ్యెడి ఖర్చెంత? ఇద్దరు కూలీలు, అరగంట. ఈ.ఎస్.ఐ. చందా కట్టినవానికి జబ్బు సెలవులో భత్యము వచ్చును. ఆ కాగితముపై సంతకము పెట్టుటకు వారము తిప్పుటయు ఒక విధమైన ఊపిరి బిగింపే. అడుగుటకు గుమాస్తాకు సిగ్గేల? తన లెక్కలలో తప్పు లేదు, తన పనిలో కొరత లేదు. చెల్లెలి సంబంధము మాట యందురా, ఉబ్బసమును చూచి తిరిగిపోవువారు రేపు ఆ పిల్లకు జ్వరము వచ్చినను తిరిగిపోవువారే. ముందుగా పోవుట మేలు.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి ఊరేగింపులు జరుగును. ఊరేగింపు ముందు బాణసంచా కాల్చుట కొన్ని ఊళ్ళలో వాడుక. ఆ పొగకు వెరచి మన గుమాస్తా వంటివారు అరుగుపై ముక్కునకు కండువా కట్టుకొని నిలిచిపోవుచున్నారు. బాణసంచా మానిన ఊరిలో అతడు నందికోల పట్టుకొని కాలినడకన ముందు నడువగలడు.